కట్టకముందే కట్టి చూచుట

హనుమకొండలోని వేయిస్తంభముల గుడి కల్యాణ మండపము 2024వ సంవత్సరము మార్చి 8వ తేదీన, మహాశివరాత్రి నాడు, తిరిగి ప్రజలకు తెరవబడినది. కాకతీయ రుద్రదేవుడు 1163లో ప్రతిష్ఠించిన త్రికూటాలయమునకు ఎదురుగా, నందికి ఆవలి ప్రక్క నున్న ఈ మండపము కాలక్రమమున క్రుంగి, రాళ్లు స్థానము తప్పి, శిథిలావస్థకు వచ్చినది. ఈ శతాబ్దపు తొలి దశకమున పురావస్తు శాఖవారు దానిని రాయి రాయిగా విప్పదీసిరి. ఆనాడు అక్షరాభ్యాసము చేసిన పిల్లలు కళాశాల చదువు ముగించువరకును మన నగరవాసులకు ఆ మండపము రాళ్ల వరుసలుగానే కనబడినది.

విప్పునప్పుడు రాళ్లకు సంఖ్యలు వేసిరి. పెండ్లి పందిరి విప్పినట్లు గుట్టగా పోసినచో ఆ రాళ్లు మరల మండపము కాజాలవు. ఏ రాయి ఏ వరుసలోనిది, ఏ స్తంభము ఏ దూలమును మోసినది అను సమాచారము రాతితోపాటు భద్రముగా నుండవలెను. రాయి పోయినచో శిల్పి మరియొక రాతిని చెక్కగలడు. కాని దాని స్థానమును గూర్చిన జ్ఞానము పోయినచో చెక్కిన రాయి కూడ నిరుపయోగము. కట్టడ మనగా రాయి, సున్నము, ఇనుము మాత్రమే కాదు. వానిని గూర్చిన సమాచారము కూడ కట్టడములో భాగమే. ఈ సత్యమును ఆధారముగా చేసికొని మన కాలమున ఇంజనీర్లు ఒక క్రొత్త పద్ధతిని అవలంబించుచున్నారు. దానికి బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అని పేరు. పొడి అక్షరములతో దీనిని బిమ్ అందురు. తెలుగున చెప్పవలెనన్న, సమాచారముతో కూడిన భవన నమూనా యని చెప్పవచ్చును. ఈ నమూనా కర్రతోగాని అట్టతోగాని చేసినది కాదు, కంప్యూటరులో నిర్మించినది. దీనివలన కలుగు ప్రయోజనము లెవ్వి, దీని హద్దు లెవ్వి, సొంత యిల్లు కట్టుకొను సామాన్య గృహస్థునకు దీనినుండి నేర్చుకొనదగిన దేమి అనునవి నేటి ప్రసంగ విషయము.

మన యింటి ప్లానును ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొందము. దానిలో గోడలు రెండు గీతలు. తలుపు ఒక వంపు గీత. మెట్లు కొన్ని అడ్డు గీతలు. గోడ మందమెంత, దానిలో ఏ ఇటుక వాడవలెను, దాని పైని దూలము ఎంత లోతు అను విషయములు ఆ గీతకు తెలియవు. అవి వేరు కాగితములలో నుండును. పిల్లర్లు, రాడ్ల లెక్క ఒక ఇంజనీరు గీయును. విద్యుత్తు తీగెల దారి మరియొకరు గీయుదురు. నీటి పైపుల దారి ఇంకొకరిది. పెద్ద కట్టడమైనచో అగ్నిమాపక గొట్టములు, శీతల వాయువు గొట్టములు, లిఫ్టులు మొదలగు వానికి వేర్వేరు కాగితములుండును. ప్రతి కాగితమును తనకు తాను సరియైనదే. కాని ఆ కాగితము లన్నియు ఒకే చోటికి చేరునది ఎక్కడ? పని జరుగుచున్న స్థలములో, మేస్త్రీ చేతిలో. ఒక కాగితము మరియొక కాగితముతో ఏకీభవించనిచో ఆ విషయము మొదట తెలియునది ఆయనకే. అప్పటికి కాంక్రీటు గట్టిపడి యుండును.

దీనికి నిత్యము కనబడు ఉదాహరణ స్నానగృహపు మురుగు పైపు. నాలుగు అంగుళముల పైపులో మురుగు నిలువక పోవలెనన్న, సాధారణముగా నలభై అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇత్తురు. అనగా పది అడుగుల దూరము పోవుసరికి పైపు మూడు అంగుళములు క్రిందికి దిగును. స్నానగృహము ప్లాను గీసినవారికి ఈ పైపు ఒక గీత మాత్రమే. దూలము గీసినవారి కాగితములో ఆ గీతయే లేదు. పని మొదలైన పిదప పైపు దిగి దిగి, సరిగా దూలము నడుమకు వచ్చును. "సారూ, ఈ పైపు ఏడికెల్లి పోవాలె?" అని మేస్త్రీ అడుగును. సమాధానము చెప్పవలసినవారు ఆ పూట అక్కడ లేకపోయినచో, ఉలియు సుత్తియు సమాధానము చెప్పును. దూలమునకు బెజ్జము పడును. లోపలి రాడ్డు తెగును. పైని సిమెంటు పూత పూసిన పిమ్మట ఇల్లు అందముగానే యుండును. కాని ఆ దూలము మోయవలసిన బరువు తగ్గలేదు. మోయు శక్తి మాత్రము తగ్గినది. ఆ గదిలో నిదురించువారికి ఈ సంగతి తెలియదు. ఇట్టి సమస్యలు చాలవరకు ఎవరి చెడ్డతనము వలనను కలుగునవి కావు. సమాచారము ఒక చోట చేరకపోవుటవలన కలుగునవి.

ఇక క్రొత్త పద్ధతిలో జరుగు దేమి? కంప్యూటరులో గీతలు గీయుటకు బదులు గోడనే, దూలమునే, పైపునే నిర్మింతురు. ఆ గోడకు పొడవు, ఎత్తు, మందము ఉండును. అది ఏ వస్తువుతో చేయబడినదో, ఏ స్లాబును మోయునో, ఏ తలుపును ధరించునో ఆ గోడకు 'తెలియును'. భవనశిల్పి, నిర్మాణ ఇంజనీరు, విద్యుత్తు ఇంజనీరు, నీటి సరఫరా ఇంజనీరు తమ తమ భాగములను తెచ్చి ఒకే నమూనాలో కూర్తురు. అప్పుడు పైపు దూలమును ఢీకొన్న చోట్లన్నింటిని యంత్రమే వెదకి జాబితాగా చూపును. పెద్ద భవనములలో మొదటిసారి కూర్చినప్పుడు ఇట్టి తగవులు వందలకొలది బయటపడుట కద్దు. ఆ తగవులను బల్ల దగ్గర కూర్చుండి తీర్చుకొనుటకు కావలసినది కొంత ఓర్పు మాత్రమే. స్లాబు పోసిన పిదప తీర్చవలెనన్న ధనము, కాలము, కొన్ని సందర్భములలో ప్రాణములు కూడ మూల్యముగా చెల్లింపవలసి వచ్చును.

రెండవ ప్రయోజనము సంబంధము. ఒక భాగము మారినప్పుడు దానిపై నాధారపడిన భాగము లన్నియు ఆ మార్పును గ్రహింపవలెను. ఒక చిన్న లెక్క చూతము. ముప్పది అడుగుల వెడల్పు, నలుబది అడుగుల పొడవు గల యింటికి ఐదు అంగుళముల మందమున స్లాబు వేయదలచినారనుకొనుడు. దానికి పట్టు కాంక్రీటు 500 ఘనపుటడుగులు. గృహస్థు "ఇంకొక అంగుళము ఎక్కువ వేయండి, గట్టిగా నుండును" అనినాడు. ఇప్పుడు 600 ఘనపుటడుగులు. ఎక్కువైన 100 ఘనపుటడుగుల కాంక్రీటు దాదాపు 7 టన్నుల బరువుండును. గృహస్థు ఒక్క అంగుళమే అడిగినాడు. కాని ఇంటి పిల్లర్లపై ఏడు టన్నులు అదనముగా పడినవి. ఈ వార్త పునాది లెక్క వేసిన ఇంజనీరునకు అందినదా? కాగితముల పద్ధతిలో, ఎవరైన చెప్పిననే అందును. నమూనా పద్ధతిలో స్లాబు మందము మార్చిన వెంటనే పరిమాణము మారును. ఆ బరువును నిర్మాణపు లెక్కకు పంపి, క్రింది దూలములు, పిల్లర్లు చాలునా చాలవా యని వెంటనే సరిచూచుకొనవచ్చును.

పై బరువునకును క్రింది పునాదికిని గల ఈ సంబంధమును మన ప్రాంతపు శిల్పులు ఎనిమిది వందల యేండ్ల క్రిందటనే ఎరిగి యుండిరి. పాలంపేటలోని రామప్ప దేవాలయమును గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించెను. ఆ ఆలయము క్రింద ఇసుక నింపిన పునాది గలదు. విమాన శిఖరమునకు నీటిపై తేలునంత తేలికైన ఇటుకలు వాడిరి. క్రిందిది ఎట్టి పునాదియో తెలిసినవారు గనుకనే పైని బరువు తగ్గించిరి. ఆ రెండు విషయములును ఒకే స్థపతి బుద్ధిలో కలిసియుండెను. నేటి ఆకాశ హర్మ్యమునకు కావలసిన శాస్త్రములన్నియు ఒక్క మనుష్యుని బుద్ధిలో ఇముడవు. ఆనాడు ఒక్క బుద్ధిలో జరిగిన సమన్వయమును నేడు పలువురి నడుమ జరిపించుటయే ఈ నమూనా యొక్క పని.

మూడవ ప్రయోజనము కాలమును, వ్యయమును ముందుగా గ్రహించుట. నమూనాలోని ప్రతి భాగమునకు అది ఏ వారమున కట్టబడునో జోడింపవచ్చును. అప్పుడు భవనము పునాదినుండి పై అంతస్తు వరకు దినదినము ఎట్లు పెరుగునో తెరపై చూడవచ్చును. క్రేను ఎక్కడ నిలుచును, పరంజా ఎప్పుడు విప్పవలెను, పైని పనివారుండగా క్రింద మరియొక జట్టు పని చేయుట ప్రమాదమా అను ప్రశ్నలకు ముందే సమాధానము దొరకును. దీనిని నాలుగవ కొలత అందురు. ధరలను కూడ జోడించినచో అది ఐదవ కొలత. నాగపూరు మెట్రో నిర్మాణమున ఈ ఐదు కొలతల పద్ధతిని అవలంబించిరి. ఎస్టిమేటు ఒక కాగితము, కట్టడము మరియొక దారి కాకుండ, ఏ పని ఎంతవరకు జరిగినది, ఎంత సొమ్ము వ్యయమైనది అను రెండును ఒకే చోట కనబడుట ప్రజాధనముతో జరుగు పనులకు మిక్కిలి అవసరము.

ఈ పద్ధతి ఒక్క దినమున పుట్టినది కాదు. 1963లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ అను యువ శాస్త్రజ్ఞుడు కంప్యూటరు తెరపై కాంతి కలముతో గీతలు గీయు విధానమును నిరూపించెను. 1975లో చార్లెస్ ఈస్ట్‌మన్ అను ఆచార్యుడు, భవనమును గీతల కట్టగా గాక భాగముల వర్ణనగా కంప్యూటరులో నిలుపవలెనని, ఒక చోట చేసిన మార్పు అన్ని చిత్రములలోను తానుగా కనబడవలెనని ప్రతిపాదించెను. 1980ల దశకమున హంగేరీ దేశపు గ్రాఫిసాఫ్ట్ సంస్థ ఆర్కికాడ్‌ను వెలువరించినది; 2000లో అమెరికాలో రెవిట్ వచ్చినది. బ్రిటిష్ ప్రభుత్వము 2016 నుండి తన కేంద్ర శాఖల నిర్మాణములలో ఈ పద్ధతిని తప్పనిసరి చేసినది. 2018లో ఈ సమాచారమును నిర్వహించు విధమునకు అంతర్జాతీయ ప్రమాణము ఏర్పడినది.

నాలుగవ ప్రయోజనము భవనము పూర్తియైన పిదప కలుగునది. మన నగరమున పూర్వపు కేంద్ర కారాగార స్థలములో 24 అంతస్తుల ఆసుపత్రికి 2021 జూన్‌లో శంకుస్థాపన జరిగిన విషయము శ్రోతలకు తెలిసినదే. అట్టి ఆసుపత్రిలో గోడల వెనుక, కప్పుల పైన ఎన్ని దారు లుండునో ఊహించుడు. ప్రాణవాయువు గొట్టము, మంచినీరు, మురుగునీరు, విద్యుత్తు, అగ్నిమాపక జలము, శస్త్రచికిత్స గదులకు శుద్ధి చేసిన గాలి, వీనిలో ఏ ఒక్కటియు మరియొక దానికి అడ్డు రాకూడదు. ఏదో యొక రాత్రి పదవ అంతస్తున గొట్టము పగిలినచో దానిని మూయు కవాట మెక్కడనో నిమిషములలో తెలియవలెను. కట్టినవారు అప్పటికి మరియొక ఊరిలో మరియొక పని మీద నుందురు. కట్టినది కట్టినట్లు చూపు నమూనా భవనముతోపాటు అప్పగింపబడినచో, కాపలా ఇంజనీరు దానిలో చూచి కవాటము నొద్దకు పోగలడు. భవనము కట్టుటకు పట్టునది మూడు నాలుగేండ్లు; దానిని కాపాడవలసినది యాభై అరువదేండ్లు. కావున నమూనా వలన కలుగు లాభములో పెద్ద భాగము ఈ రెండవ కాలములోనిదే.

పురాతన కట్టడములకు కూడ ఈ విద్య ఉపకరించుచున్నది. వానికి ప్లానులుండవు గనుక ముందు కట్టడమును కొలువవలెను. దీనికి లేజరు యంత్రమును వాడుదురు. కాంతి సెకనులో వంద కోట్లవ వంతు కాలమున సుమారు ఒక అడుగు దూరము పోవును. యంత్రము పంపిన కాంతి రాతిని తాకి తిరిగి వచ్చుటకు పట్టిన కాలమును బట్టి ఆ రాయి ఎంత దూరమున నున్నదో గణింపవచ్చును. ఇట్లు లక్షల, కోట్ల బిందువులను కొలిచి, ఆ బిందువుల సమూహముతో స్తంభమును, శిల్పమును ఉన్నదున్నట్లు కంప్యూటరులో నిలుపుదురు. పారిస్ నగరములోని నోత్రదామ్ దేవాలయమును ఆండ్రూ టాలన్ అను కళా చరిత్రకారుడు 2010లో ఇట్లు కొలిచెను. ఆయన 2018లో మరణించెను. 2019 ఏప్రిల్ 15న ఆ దేవాలయపు కప్పు అగ్నికి ఆహుతియైనది. పునర్నిర్మాణమునకు పూనుకొన్నవారికి ఆయన కొలతలు అమూల్యమైన ఆధారమైనవి. 2024 డిసెంబరులో దేవాలయము తిరిగి తెరవబడినది. కొలిచినవాడు లేకున్నను కొలత మిగిలినది.

అయితే లేజరు కంటికి కనబడు తలమును మాత్రమే కొలుచును. రామప్ప క్రింది ఇసుక దానికి కనబడదు. స్తంభములోపలి పగులు దానికి తెలియదు. ఆ జ్ఞానము త్రవ్వకములవలన, పరీక్షలవలన, అనుభవజ్ఞులైన స్థపతుల మాటవలన సేకరించి నమూనాకు చేర్చవలెను. 2021 జూలైలో యునెస్కోవారి ప్రపంచ వారసత్వ పట్టికలో చేరిన రామప్పను గాని, కోటలోని కీర్తి తోరణములను గాని బాగుపడవలసిన దినము వచ్చువరకు కొలువకుండుట వివేకము కాదు. ఆరోగ్యముగా నున్న దినమున తీసిన కొలతయే రోగమును గుర్తించుటకు సాయపడును.

ఈ పద్ధతికి హద్దులు గలవని కూడ చెప్పవలెను. కంప్యూటరు సత్యమునెంత స్పష్టముగా చూపునో, తప్పును కూడ అంత అందముగా చూపును. నేల స్వభావమును పరీక్షింపక వ్రాసిన సంఖ్య తెరపై రంగులలో కనబడినంత మాత్రమున నిజము కాజాలదు. రెండవది, స్థలములో చేసిన మార్పును ఏ దినమున కా దినము నమూనాలో చేర్చనిచో, ఆరు నెలలలో నమూనా ఒక భవనము, నేలపై నున్నది మరియొక భవనము అగును. మూడవది, శిక్షణకును యంత్రములకును వ్యయమగును. చిన్న కంట్రాక్టరునకు అది బరువే. నాలుగవది, తప్పు జరిగినచో బాధ్యు లెవరో, నమూనాపై హక్కు ఎవరిదో ఒప్పందములోనే స్పష్టముగా వ్రాసికొనవలెను.

ఐదవ హద్దు ఆలోచింపదగినది. వేయిస్తంభముల గుడిలోని 1163 నాటి రుద్రదేవుని శాసనము రాతిపై నున్నందున నేటికిని పండితులు చదువగలుగుచున్నారు. కంప్యూటరు పత్రముల మాట అట్లు కాదు. ఒక సంస్థ తయారుచేసిన పత్రము ముప్పదేండ్ల పిదప తెరచుకొనునా యను సందేహము న్యాయమైనది. అందుచేతనే ఏ ఒక్క సంస్థకును చెందని, ఎల్లరు చదువగల ఒక బహిరంగ లిపిని నిపుణులు రూపొందించిరి. అది 2013లో అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకరింపబడినది. ప్రభుత్వ భవనముల నమూనాలను ఆ లిపిలో కూడ పుచ్చుకొని భద్రపరచుట మేలు.

ఇంకొక సందేహమును కొందరు మేస్త్రీలు వెలిబుచ్చుట కలదు. యంత్రమే అన్నియు చెప్పినచో మా అనుభవమున కేమి విలువ యని వారి ప్రశ్న. ఏ మూలలో రాడ్లు ఒత్తుగా చేరి కాంక్రీటు దిగదో, ఏ సెంట్రింగు వానకు నిలువదో చేతితో పని చేసినవారికి తెలిసినట్లు మరియొకరికి తెలియదు. నమూనా చేయునప్పుడే వారిని పిలిచి తెరపై చూపి అడిగినచో, ఆ అనుభవము పని చెడిన పిదప గాక పనికి ముందే ఉపయోగపడును. మేస్త్రీ చదువజాలని నమూనా కార్యాలయమునకు అలంకారము మాత్రమే.

మన నగరమున 1959 అక్టోబరు 10న పండిత జవహర్లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల నేడు జాతీయ సాంకేతిక విద్యాసంస్థయై వెలుగుచున్నది. హైదరాబాదులోని కార్యాలయములలో కూర్చుండి ఎందరో తెలుగు యువతీ యువకులు విదేశములలో వెలయు భవనములకు ఇట్టి నమూనాలను తయారు చేయుచున్నారు. దూరదేశపు ఆసుపత్రి దూలమునకు మురుగు పైపు తగులకుండ చూచు నేర్పు మన పిల్లల కున్నది. ఆ నేర్పు మన మునిసిపాలిటీ కట్టు బడికిని, మన జిల్లా ఆసుపత్రికిని దక్కవలెనని కోరుట అత్యాశ కాదు.

చివరకు, రెండు మూడు గదుల ఇల్లు కట్టుకొను గృహస్థు చేయదగిన దేమి? ఆయనకు పెద్ద నమూనా అవసరము లేకపోవచ్చును. దానిలోని క్రమశిక్షణ మాత్రము అవసరము. స్థలములో సున్నముతో ముగ్గు పోయించిన దినమున ఇంటిల్లిపాదియు అందులో నడచి, వంటగది చాలునా, తలుపు ఏ ప్రక్కకు తెరచుకొనును అని చూచుకొందురు గదా! అదియును కట్టకముందే కట్టి చూచుటయే. దానికి మరి నాలుగు పనులు చేర్చుకొనవలెను. ప్లాను మారినప్పుడెల్ల తేదీ వేయించి, పాతదానిని కొట్టివేయవలెను. స్థలములో ఒకే ప్లాను ఉండవలెను. స్లాబునకు ముందు పైపుల కాగితమును, దూలముల కాగితమును ఒకదానిపై నొకటి యుంచి చూపుమని ఇంజనీరును అడుగవలెను. కాంక్రీటు పోయుటకు ముందు రాడ్లను, గోడ పూతకు ముందు తీగెల గొట్టములను, పైపులను, ప్రక్కనే కొలత టేపు పట్టి ఫొటోలు తీయించవలెను. గృహప్రవేశమునకు ముందు, ప్లానులో నున్నట్లు గాక నిజముగా కట్టినట్లు ఒక చిత్రము గీయించి పుచ్చుకొనవలెను.

ఇంటి దస్తావేజును మనము పెట్టెలో భద్రపరతుము. అది ఇల్లు ఎవరిదో చెప్పును. ఇల్లు ఎట్లున్నదో చెప్పు ఈ చిత్రమును, ఫొటోలను కూడ దాని ప్రక్కనే యుంచుడు. పదేండ్ల తరువాత గోడకు మేకు కొట్టవలసి వచ్చినప్పుడు, పై అంతస్తు వేయదలచినప్పుడు, మీ పిల్లలు మొదట వెదకునది ఆ కాగితమునే.